తలంబ్రాల టేపుకు ఏ కోడెక్?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా టేపుల గురించే. అటకలు దులుపుతున్నట్టున్నారు అందరూ. విజయవాడలో ఇరవై ఏళ్లకు పైగా పెళ్లి వీడియోల మిక్సింగ్ చేసినవాణ్ణి కాబట్టి ఈ విషయంలో నాకు తెలిసింది ఎక్కువే, చేసిన తప్పులూ ఎక్కువే. రెండూ చెబుతాను.

ప్రశ్న: నమస్కారమండీ. మా పెళ్లి 2008 ఫిబ్రవరిలో జరిగింది. వీడియో తీసినవారు మిక్సింగ్ అయ్యాక 14 చిన్న టేపులు మాకే ఇచ్చేశారు. పెట్టెల మీద ‘హెచ్‌డీవీ 1080ఐ’ అని రాసి ఉంది. అప్పట్లో ఇచ్చిన డీవీడీలో ముఖాలు మసకగా ఉంటాయి. ఇప్పుడు మా అమ్మాయి ఆ టేపుల నుంచి మళ్లీ ఎడిట్ చేస్తానంటోంది. ఊళ్లో ముగ్గురిని అడిగాం. ఒకరు ఎంపీ4 చాలన్నారు. ఒకరు ప్రోరెస్ హెచ్‌క్యూలో తీయించకపోతే దండగ అన్నారు. మూడో ఆయన అన్‌కంప్రెస్డ్‌లో తీస్తేనే అసలైన క్వాలిటీ అని, ముందు పెద్ద హార్డ్‌డిస్కు కొనుక్కురమ్మన్నారు. ఏ కోడెక్‌లో క్యాప్చర్ చేయించమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ ముగ్గురూ మీకు చెప్పని మాట ఒకటుందమ్మా. మీ టేపుల్లో ఉన్న దృశ్యానికి కోడెక్, అంటే బొమ్మను కుదించి దాచి మళ్లీ తెరిచే పద్ధతి, ఎప్పుడో నిర్ణయమైపోయింది. జీలకర్ర బెల్లం పెడుతున్న ఆ క్షణంలోనే కెమెరా దాన్ని ఎంపెగ్-2 అనే పద్ధతిలో కుదించి, అంకెలుగా మార్చి టేపు మీద రాసేసింది. ఇప్పుడు మీరు చేయించవలసింది ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్టు హార్డ్‌డిస్కులోకి దించుకోవడం, అంతే. మేం అలవాటు కొద్దీ క్యాప్చర్ అంటాం కానీ, నిజానికి అది నకలు తీయడం. నకలు తీసేటప్పుడు దస్తూరీ ఎవరిది బాగుంటుందని అడగం కదా, అక్షరం పోకుండా దిగితే చాలు.

హెచ్‌డీవీని సోనీ, జేవీసీ, కెనాన్, షార్ప్ కంపెనీలు కలిసి 2003లో ప్రకటించాయి. కొత్త రకం టేపు తేకుండా, అప్పటికే ఊరూరా దొరుకుతున్న మినీ డీవీ టేపు మీదే హెచ్‌డీ పట్టించాలన్నది వారి పంతం. ఆ టేపు మీద దృశ్యానికి ఉన్న జాగా సెకనుకు 25 మెగాబిట్లు. మామూలు డీవీలో 720 × 576 చుక్కల బొమ్మకు వాడిన ఆ జాగాలోనే 1440 × 1080 చుక్కల బొమ్మను ఇరికించారు. అంటే చుక్కలు దాదాపు నాలుగింతలు, చోటు మాత్రం అంతే.

ఎలా ఇరికించారో చెబుతాను, ఎందుకంటే మీ అమ్మాయి పడబోయే ఇబ్బందులన్నీ అక్కడే ఉన్నాయి. పాత దస్తావేజుల్లో ఒకసారి పేరు, ఇంటిపేరు, కాపురం అన్నీ రాసి, ఆ తర్వాత ‘సదరు వ్యక్తి’, ‘సదరు స్థలం’ అంటూ పోతారు చూశారా, అలా. మన దేశపు కెమెరాల్లో ప్రతి 12 ఫ్రేములకు ఒక గుంపు. అందులో మొదటి ఫ్రేము ఒక్కటే పూర్తి బొమ్మ. మిగిలిన 11 ఫ్రేముల్లోనూ ‘సదరు’ అని రాసి, మారిన ముక్కలు మాత్రం నమోదు చేస్తారు. సెకనుకు 25 ఫ్రేములు కాబట్టి ఒక్కో గుంపు అర సెకను లోపే. దస్తావేజు మొదటి పేజీ చిరిగితే తర్వాతి ‘సదరు’లకు అర్థం ఉండదు. టేపు మీద చిన్న గీత పడి మొదటి ఫ్రేము పాడైతే దాదాపు అర సెకను మొత్తం గళ్లు గళ్లుగా చెదిరిపోయేది అందుకే. పాత డీవీలో అదే గీతకు ఒక్క ఫ్రేములో నాలుగు గళ్లు పోయేవి, ఎవరూ గమనించేవారు కాదు.

ఇప్పుడు మీ ముగ్గురు సలహాదారుల దగ్గరికి వద్దాం.

అన్‌కంప్రెస్డ్, అంటే అసలు కుదించకుండా తీయాలన్నాయన లెక్క చెప్పాడో లేదో, నేను చెబుతాను. 1920 × 1080లో, 8 బిట్, 4:2:2 రంగుతో (అంటే అడ్డంగా సగం చుక్కలకే రంగు దాచే పద్ధతిలో) గంటకు సుమారు 373 జీబీ. మీ 14 టేపులకు 5 టీబీ దాటుతుంది. అంత చోటులోనూ టేపులో లేనిది ఒక్క చుక్క కూడా అదనంగా రాదు. చెంబెడు నీళ్లు బిందెలో పోస్తే బిందెడు కావు. అదే టేపును ఉన్నది ఉన్నట్టు దించితే గంటకు 12 జీబీ, మొత్తం సుమారు 170 జీబీ.

ఎంపీ4 చాలన్నాయన మీ టేపును మరోసారి కుదిస్తాడు. ఇప్పటికే పిండిన బట్టను మళ్లీ పిండడం అది. పైగా దుకాణాల్లో ఎంపీ4 చేసేటప్పుడు ఇంటర్‌లేస్ (ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా, అంటే రెండు ఫీల్డులుగా రాసే పద్ధతి) తీసేస్తామని సగం కదలికను పారేస్తారు. బంధువుల ఫోన్లకు పంపడానికి అది బాగానే ఉంటుంది, ఎడిటింగుకు పనికిరాదు.

ప్రోరెస్ హెచ్‌క్యూ అన్నాయన మాటలో కొంత న్యాయం ఉంది, కానీ ఆయన అడుగు వరుస తప్పింది. యాపిల్ వారి ప్రోరెస్ వంటి ఎడిటింగ్ కోడెక్‌లో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మే, ‘సదరు’ల గొడవ ఉండదు. ఎడిటింగుకు హాయి. అయితే అది టేపు నుంచి దించేటప్పుడు ఎంచుకోవలసింది కాదు, దించిన తర్వాత అవసరమైతే మార్చుకోవలసింది. టేపు నుంచి నేరుగా ప్రోరెస్‌లోకి తీసి అసలు ఎంపెగ్ ఫైలు మీ చేతికి ఇవ్వకపోతే, రేపు మార్పిడిలో ఏదైనా పొరపాటు బయటపడినప్పుడు మళ్లీ టేపు తిప్పవలసి వస్తుంది. అప్పటికి ఆడే కెమెరా ఎక్కడుంటుంది?

కాబట్టి ఊళ్లో ఎవరి దగ్గరికి వెళ్లినా ఇలా అడగండి: “ఫైర్‌వైర్ ద్వారా నేటివ్‌గా తీసి, ఎం2టీ ఫైళ్లు ఇవ్వండి.” ఫైర్‌వైర్ అంటే కెమెరాను కంప్యూటరుకు కలిపే ఒక రకం తీగ, నేటివ్ అంటే ఉన్నది ఉన్నట్టు, ఎం2టీ అంటే అలా దిగిన ఎంపెగ్ ఫైలు. ఆ మాటకు ఎదుటివాళ్లు తెల్లముఖం వేస్తే ఇంకో దుకాణం చూసుకోండి. విండోస్ కంప్యూటరులో హెచ్‌డీవీస్ప్లిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, లినక్సులో డీవీగ్రాబ్ ఈ పని చక్కగా చేస్తాయి. షాటు షాటుకూ వేరే ఫైలు కూడా చేసి పెడతాయి.

ఫైళ్లు చేతికి వచ్చాక ఒక్కటి మాత్రం తప్పనిసరిగా చూడండి. ఇది నా సొంత దెబ్బ. 2008లోనే, భీమవరం పెళ్లి ఒకటి, పది టేపులు. సోనీ కెమెరా మెనూలో ‘ఐలింక్ కన్వర్షన్’ అని ఒకటుంటుంది (ఐలింక్ అంటే సోనీ వారు ఫైర్‌వైర్‌కు పెట్టుకున్న పేరు). అది ఆన్‌లో ఉంటే హెచ్‌డీవీ టేపు ఆడుతున్నా తీగ గుండా మాత్రం మామూలు డీవీ బయటికి వస్తుంది. అంతకుముందు రోజు ఏదో పని మీద దాన్ని ఆన్ చేసి మరిచిపోయాను. రాత్రంతా కూర్చుని ఏడు టేపులు దించాను. ఫైలు సైజు చూసుకుంటూనే ఉన్నాను, అనుమానం రాలేదు. ఎలా వస్తుంది? డీవీ గంటకు 13 జీబీ, హెచ్‌డీవీ గంటకు 12. కవలపిల్లల్లా ఉంటాయి. ఎనిమిదో టేపులో శుభలేఖ క్లోజప్ వచ్చింది. అక్షరాలు ముద్దముద్దగా ఉన్నాయి. అప్పుడు తెలిసింది. తెల్లవారుజామున నాలుగింటికి మొదటి టేపు మళ్లీ పెట్టాను. అందుకని సైజు చూడకండి, కొలత చూడండి. ఫైలు వివరాల్లో 1440 × 1080 అని ఉండాలి. 720 × 576 అని ఉంటే వెనక్కి ఇచ్చేయండి.

1440 చూసి ఇది పూర్తి హెచ్‌డీ కాదేమోనని కంగారుపడవద్దు. హెచ్‌డీవీలో ఒక్కో చుక్కా అడ్డంగా 1.33 రెట్లు వెడల్పు. సాగదీసి చూపిస్తే 1920 అవుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ సంగతి గమనించకపోతే అందరూ పొడుగ్గా, సన్నగా కనిపిస్తారు. పెళ్లికొడుకు సంతోషిస్తాడు గానీ అది తప్పు సెట్టింగు.

ఇక మీ అమ్మాయి ఎడిటింగు. ముందు ఎం2టీ ఫైళ్లను అలాగే టైమ్‌లైన్ మీద పెట్టి చూడమనండి. మా రోజుల్లో కోర్ 2 డ్యుయో యంత్రాలకు హెచ్‌డీవీ అంటే ఆయాసం. రెండు పొరలు వేస్తే బొమ్మ ఆగి ఆగి నడిచేది. అందుకే అప్పుడు మేమంతా ముందే వేరే కోడెక్‌లోకి మార్చేవాళ్లం. ఇప్పటి లాప్‌టాపుకు అదొక లెక్క కాదు. కోసి అతికించి, పాట వేసి, పేర్లు వేసేంత పనైతే మార్చకుండానే చేసుకోవచ్చు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎం2టీని తెరవనంటే, లేదా రంగులు బాగా దిద్దాలి, పొరల మీద పొరలు వేయాలి అంటే, అప్పుడు మార్చుకోవాలి. అదీ 14 గంటలూ కాదు, వాడబోయే షాట్లు మాత్రం. పెళ్లి టేపుల్లో సగం భోజనాల బంతులే ఉంటాయని నాకు తెలుసు.

మార్చడానికి నా ఓటు ప్రోరెస్‌లో తేలికపాటి రకమైన ఎల్‌టీకి. 1920 × 1080, 50ఐలో (అంటే సెకనుకు 50 ఫీల్డులు) సెకనుకు 85 మెగాబిట్లు, గంటకు 38 జీబీ. మామూలు ప్రోరెస్ 422 అయితే 55, హెచ్‌క్యూ 83 జీబీ. 25 మెగాబిట్ల టేపుకు హెచ్‌క్యూ వేసి నేను పరీక్షించాను. ఒకే ఫ్రేమును పక్కపక్కన పెట్టి, నాలుగింతలు పెద్దది చేసి, ఎల్‌టీకీ దానికీ తేడా వెతికాను. నా కళ్లకు దొరకలేదు. విండోస్ వాడేవారికి ఎవిడ్ వారి డీఎన్‌ఎక్స్‌హెచ్‌డీ 120 అంతే మంచిది, గంటకు 54 జీబీ. ఒకప్పుడు విండోస్‌లో ప్రోరెస్ తయారుచేయడం కష్టంగా ఉండేది. 2018 చివర అడోబీ ఆ దారి తెరిచాక ఆ బాధ తగ్గింది.

‘మార్చితే టేపులో లేనిది రాదంటున్నారు, మరి మార్చడం ఎందుకు’ అని అడుగుతారు. ముందుముందు ఉన్నది పోకుండా ఉండడానికి. రంగు దిద్ది, పేర్లు వేసి, దాన్ని మళ్లీ 25 మెగాబిట్ల ఎంపెగ్‌లోకే రెండర్ చేస్తే, అంటే కొత్త ఫైలుగా రాయిస్తే, ప్రతిసారీ కొంత రాలిపోతుంది. ప్రోరెస్‌లో రెండర్ చేస్తే ఆ రాలుడు కంటికి అందనంత తక్కువ.

ఏ కోడెక్కూ బాగుచేయలేని సంగతి ఒకటి ముందే చెప్పాలి, లేకపోతే నన్ను తిట్టుకుంటారు. తలంబ్రాల దగ్గర టేపు ఆపి, ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూడండి. దోసిలి లేచేటప్పుడు బియ్యపు గింజలు విడివిడిగా, పసుపు అంటి, ఒక్కొక్కటీ మెరుస్తూ కనిపిస్తాయి. రెండో ఫ్రేములో గింజలు గాలిలో ఉంటాయి, అంచులు మెత్తబడతాయి. నాలుగో ఫ్రేముకు వధువు తల మీద పడుతున్న చోట గింజలు ఉండవు, పసుపు తెలుపు గళ్లు ఉంటాయి, చదరంగం బల్లను ముక్కలు చేసి చల్లినట్టు. చేతులు దిగాక, తర్వాతి పూర్తి ఫ్రేము రాగానే, పట్టు జరీతో సహా అంతా మళ్లీ తేటపడుతుంది. వందల గింజలు ఒకేసారి తలోవైపు కదులుతుంటే ‘సదరు’ అని రాయడానికి ఏమీ ఉండదు, అన్నీ కొత్తవే. 25 మెగాబిట్లలో అవి పట్టవు. ఆ గళ్లు 2008లోనే టేపు మీద పడ్డాయి. ఎవరైనా ‘మా కోడెక్‌తో పోతాయి’ అంటే నమ్మకండి. కదులుతున్నప్పుడు కంటికి పెద్దగా ఆనవు. ఆ చోట స్లో మోషన్ మాత్రం వేయవద్దని అమ్మాయికి చెప్పండి. మేం తలంబ్రాలకు స్లో మోషన్ వేయని పెళ్లి లేదు, ఆ పాపం కొంత నాదీ.

ఎర్ర పట్టుచీర అంచుల దగ్గర మెట్లు మెట్లుగా కనిపిస్తే అదీ ఇలాంటిదే. బొమ్మ 1440 × 1080 అయినా రంగు మాత్రం 720 × 540 చుక్కల్లోనే దాస్తారు. ఎరుపు దగ్గర అది బయటపడిపోతుంది.

ప్రశ్న: మా నాన్నగారు ఫొటో స్టూడియో నడిపారు. ఆయన వదిలి వెళ్లిన హార్డ్‌డిస్కులో 2009, 2010 నాటి పెళ్లి వీడియోలు ఏవీఐ ఫైళ్లుగా ఉన్నాయి. ఒక్కొక్కటి 40, 50 జీబీ. ఏ ప్లేయరులో తెరిచినా మాట వినిపిస్తుంది, బొమ్మ నల్లగా ఉంటుంది. పాడయ్యాయా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పాడవలేదు. మీ నాన్నగారు ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసి ఉంటారని పందెం కాస్తాను. ఆ రోజుల్లో మన రెండు రాష్ట్రాల మిక్సింగ్ గదుల్లో ఎక్కడ చూసినా అదే. హెచ్‌డీవీ టేపు దించేటప్పుడు యంత్రం మొరాయించకుండా ‘కానోపస్ హెచ్‌క్యూ’ అనే కోడెక్‌లోకి మార్చి పెట్టుకునేవాళ్లం. ఏవీఐ అన్నది పైన ఉన్న డబ్బా పేరు మాత్రమే. లోపల ఉన్నది ఆ కోడెక్. దాన్ని చదివే తాళంచెవి మీ కంప్యూటరులో లేదు. మాట మామూలు పద్ధతిలో ఉంటుంది కాబట్టి వినిపిస్తోంది.

కానోపస్ తర్వాత గ్రాస్ వ్యాలీ చేతికి వెళ్లింది. వాళ్ల కోడెక్ ప్యాకు వేసుకుంటే విండోస్‌లో తెరుచుకుంటాయి. అది కుదరకపోతే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ కోడెక్‌ను చదవగలదు. తెరుచుకున్నాయి కదా అని వదిలేయకండి. వాటిని ప్రోరెస్‌లోకో డీఎన్‌ఎక్స్‌హెచ్‌డీలోకో మార్చి రెండో నకలు పెట్టుకోండి. పైనున్న తెనాలి పాఠకురాలికి టేపు నుంచి నేటివ్‌గా తీయించమని అంత గట్టిగా చెప్పడానికి మీ ఉత్తరం కూడా ఒక కారణం. ఎంపెగ్-2ను దాదాపు ప్రతి డీవీడీలోనూ, ఎన్నో టీవీ ప్రసారాల్లోనూ వాడారు. దాన్ని చదవలేని కంప్యూటరు రావడానికి చాలాకాలం పడుతుంది. ఒక కంపెనీ, ఒక సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడిన కోడెక్‌కు ఆ భరోసా లేదు.

ఇంకొక మాట. ఆ డిస్కు పదిహేనేళ్లది. రోజూ ఆన్ చేసి ఆఫ్ చేస్తూ ప్రయోగాలు చేయకండి. ముందు మొత్తం కొత్త డిస్కులోకి కాపీ చేయండి, ప్రయోగాలు ఆ కాపీ మీద.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. 2007లో అక్కడ కొన్న కెనాన్ హెచ్‌వీ20 కెమెరాతో మనవరాలి చిన్నప్పటి వీడియోలు తీశాడు. కెమెరా పోయింది, టేపులు మా దగ్గర ఉన్నాయి. ఇక్కడ తెలిసినవారి సోనీ కెమెరాలో పెడితే తెర నీలంగా వస్తోంది. టేపులు చెడిపోయాయంటున్నారు. నాకు 74 ఏళ్లు, ఆ పిల్ల తొలి అడుగులు ఒకసారి చూడాలని ఉంది.
– ఒక తాతగారు, కాకినాడ

జవాబు: తాతగారూ, టేపులు చెడి ఉండకపోవచ్చు. ఊరు మారింది, అంతే. అమెరికా కెమెరా సెకనుకు 60 ఫీల్డులు రాస్తుంది, మన దగ్గర అమ్మినవి 50. చాలా ఇంటి కెమెరాలు తమ లెక్క తప్ప రెండోది చదవవు. మీకు కావలసింది అమెరికాలో అమ్మిన హెచ్‌డీవీ కెమెరా, లేదా రెండూ చదివే సోనీ హెచ్‌వీఆర్-జెడ్1 వంటిది. ఆ జెడ్1 పెళ్లిళ్లు తీసినవారి దగ్గర ఇప్పటికీ బీరువాల్లో ఉంది. కాకినాడ, రాజమండ్రి స్టూడియోల్లో వాకబు చేయించండి. మెనూలో 50, 60 మార్చుకోవచ్చని యజమానికే గుర్తుండకపోవచ్చు, గుర్తు చేయమనండి. అయితే అది ఆడించలేని టేపు ఒకటో రెండో తగిలితే కెనాన్ కెమెరానే వెతకాలి. మీ అబ్బాయి ఈసారి వచ్చేటప్పుడు అక్కడే పాత హెచ్‌వీ20 ఒకటి కొని తెస్తే అన్నింటికన్నా నిశ్చింత.

దించాక ఫైళ్లను ఎడిట్ చేసేవారికి ఈ ముక్క చూపించండి: హెచ్‌వీ20లో 24పీ అనే సినిమా పద్ధతి ఉంది. అందులో తీసినా టేపు మీద మాత్రం 60ఐగానే రాస్తుంది, మధ్యలో ఫీల్డులు అతికించి. ఆ అతుకులు తీసేసి 23.976 ఫ్రేముల ప్రోరెస్‌గా మార్చుకోవాలి. లేకపోతే పిల్ల నడుస్తుంటే ప్రతి అయిదు ఫ్రేముల్లో రెండింట్లో దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తాయి. నేటివ్‌గా ఎడిట్ చేయమని పైన చెప్పిన సలహా ఇలాంటి టేపులకు వర్తించదు. ఇక్కడ మార్చడమే సరైన పని. మీకు మాత్రం ఈ గొడవ అక్కరలేదు. టేపును నేరుగా టీవీకి కలిపి ఆ అడుగులు ముందు చూసేయండి.

ప్రశ్న: మా దగ్గర సోనీ హెచ్‌సీ3 ఉంది. లాప్‌టాపుకు యూఎస్‌బీ తీగ పెడితే ఫొటోలు తప్ప వీడియో రావడం లేదు. ఆన్‌లైన్‌లో ఫైర్‌వైర్ నుంచి యూఎస్‌బీకి మార్చే తీగ చవగ్గా దొరుకుతోంది, కొననా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: కొనకండి. ఆ రెండింటి భాషలు వేరు. తీగ కొసలు మార్చినంత మాత్రాన ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. డెస్క్‌టాప్ ఉంటే ఫైర్‌వైర్ కార్డు వేయించండి. పాత మ్యాక్ ఉంటే ఇంకా మేలు, కానీ దాన్ని అప్‌డేట్ చేయకండి. యాపిల్ 2025లో విడుదల చేసిన మ్యాక్‌ఓఎస్ టాహోలో ఫైర్‌వైర్‌ను తీసేసింది.

తీగ పెట్టేటప్పుడు కెమెరా, కంప్యూటరు రెండూ ఆపి పెట్టండి. పెద్ద కొస, అంటే ఆరు పిన్నులది, కరెంటు కూడా మోస్తుంది. తిరగేసి గుచ్చితే కెమెరా పోర్టు కాలిపోతుంది. మా గదిలో ఒకటి అలాగే పోయింది. గుచ్చిన కుర్రాడు ఇప్పుడు పెద్ద ఎడిటర్, పేరు చెప్పను.

ప్రశ్న: 1994 నాటి వీహెచ్ఎస్ క్యాసెట్లకు కూడా మీరు చెప్పే ‘ఉన్నది ఉన్నట్టు’ పద్ధతే పనికొస్తుందా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: రాదు. వీహెచ్ఎస్ మీద అంకెలు లేవు, అలలు ఉన్నాయి. అక్కడ నిజంగానే క్యాప్చర్ చేయాలి, కోడెక్ కూడా మీరే ఎంచుకోవాలి. చోటుంటే హఫ్‌వైయూవీ, ఎఫ్‌ఎఫ్‌వీ1 వంటి నష్టం లేని కోడెక్‌లో తీయండి. లేదా గంటకు 13 జీబీ డీవీ చాలు. క్యాసెట్టు మీద తెల్లని బూజు కనిపిస్తే ముందు శుభ్రం చేయించండి. బూజుతో ఆడిస్తే ప్లేయరు హెడ్డు పాడై, తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్టుకూ అంటుతుంది.

ప్రశ్న: హెచ్‌డీవీ కెమెరాకు హెచ్‌డీఎంఐ పోర్టు కూడా ఉంది. దాని నుంచి క్యాప్చర్ కార్డుతో 4:2:2లో తీస్తే టేపు కన్నా మంచి రంగు వస్తుందని మా స్నేహితుడంటాడు. నిజమేనా?
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: నీ స్నేహితుడు సగం నిజం చెప్పాడు బాబూ. కెమెరా ముందు మనిషి నిలబడి ఉండగా హెచ్‌డీఎంఐ నుంచి తీస్తే అది నిజం. ఆ బొమ్మ ఇంకా ఎంపెగ్‌లోకి దిగలేదు కాబట్టి రంగు నిండుగా ఉంటుంది. టేపు ఆడిస్తూ తీస్తే మాత్రం, టేపులో ఉన్న 4:2:0నే (రంగు అడ్డంగానూ నిలువుగానూ సగమే) కెమెరా సాగదీసి పంపుతుంది. పైగా ఏ ఫ్రేము ఎప్పటిదో చెప్పే టైమ్‌కోడు పోతుంది, షాటు షాటుకూ ఫైలు విడదీసే వీలూ పోతుంది.

కానీ ఒక్క సందర్భంలో నేనూ అదే దారి పట్టాను. ఫైర్‌వైర్ పోర్టు కాలిపోయిన కెమెరా, అందులో తప్ప ఇంకెక్కడా సరిగ్గా ఆడని టేపు. హెడ్డు కొద్దిగా పక్కకు జరిగిన కెమెరాతో తీసిన టేపులు అలా ఆ కెమెరాకే అలవాటుపడతాయి. అప్పుడు హెచ్‌డీఎంఐ నుంచి ప్రోరెస్ 422లో తీశాను. అలా తీసేటప్పుడు ఫీల్డుల వరుస ‘పై ఫీల్డు ముందు’ అని పెట్టుకో. డీవీకి అలవాటుపడ్డ చేయి ‘కింది ఫీల్డు ముందు’ అని పెట్టేస్తుంది, అప్పుడు నడిచే మనిషి అడుగు ముందుకు, అర అడుగు వెనక్కి వేస్తాడు.

ప్రశ్న: టేపులన్నీ కంప్యూటరులోకి దించేశాం. ఇక పారేయవచ్చా?
– తెనాలి నుంచే మరొకరు

జవాబు: రెండు వేర్వేరు డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో నకళ్లు ఉన్నాయా? ఉన్నా పారేయకండి. ప్రతి టేపునూ మొదటికంటా తిప్పి, పక్కనున్న చిన్న మీటను ‘సేవ్’ వైపు జరిపి, డబ్బాలో నిలువుగా పెట్టండి. చోటు ఆక్రమించేది అరచేతి కన్నా చిన్న పెట్టెలే. అటక మీద మాత్రం వద్దు, వేసవిలో అక్కడ పెనం. బీరువాలో పట్టుచీరల పక్కన పెట్టండి, నాఫ్తలీన్ ఉండలు మాత్రం దూరంగా ఉంచండి.